డయాలసిస్ మధ్యలో వణుకు, ఇంటికొచ్చాక జ్వరం: మెడ పైపు ఉన్నవాళ్ల ఇంట్లో తెలియాల్సిన సంగతులు

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లెటూరు. మా మావయ్యగారికి 58 ఏళ్లు. కొబ్బరి తోట చూసుకునేవారు. కిడ్నీలు పాడై ఆరు నెలలుగా వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తున్నారు. మెడ దగ్గర లోపలికి పెట్టి ఛాతీ మీదికి తీసిన పైపుతో డయాలసిస్ చేస్తున్నారు. ఈమధ్య మిషన్ మీద పడుకున్న గంటకల్లా ఒళ్లంతా వణుకు పుడుతోంది. ఇంటికొచ్చాక జ్వరం. పారాసెటమాల్ వేస్తే తెల్లారేసరికి తగ్గుతోంది. పోయిన వారంలోనే రెండుసార్లు ఇలా అయింది. డయాలసిస్ అన్నాక చలి వేస్తుందిలే అని చుట్టుపక్కల వాళ్లు అంటున్నారు. పైపు చుట్టూ కాస్త ఎర్రగా ఉందని మా అత్తయ్య పసుపు రాశారు. నీరసంగా ఉన్నారని మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరుగారు వచ్చి, చేతిలో నరం దొరకట్లేదు కాబట్టి ఆ పైపులోంచే సెలైన్ ఎక్కిస్తానన్నారు. నాకు భయమేసి వద్దన్నాను. ఉక్కకి బావి దగ్గర స్నానం చెయ్యకుండా ఆయన ఉండలేరు. చేతికి ఆపరేషన్ చేయించుకోమని పెద్ద డాక్టరుగారు చెప్తే, చెయ్యి పడిపోతుంది, పైపుతో నడుస్తోంది కదా అంటారు. ఆయన్ని చూసుకునేది నేనే. నన్నేం చెయ్యమంటారు?
— ఒక కోడలు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: అమ్మా, మిగతా ప్రశ్నలన్నీ కాసేపు పక్కన పెట్టండి. ఇది చదివిన రోజే మావయ్యగారిని తీసుకుని డయాలసిస్ సెంటర్‌కి వెళ్లండి. రేపు ఎలాగూ డయాలసిస్ ఉంది కదా అని ఆగొద్దు. వణుకు రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ వెంట జ్వరం వచ్చింది, పైపు చుట్టూ ఎరుపు ఉంది. ఈ మూడూ కలిశాయంటే పైపులో ఇన్‌ఫెక్షన్ చేరిందనే అనుకోవాలి. కాదని రక్త పరీక్షలో తేలితే సంతోషమే.

డయాలసిస్‌లో చలి వెయ్యడం మామూలేనన్న మాటలో కొంత నిజం ఉంది. మిషన్‌లోంచి తిరిగొచ్చే రక్తం కొంచెం చల్లబడితే చలిగా ఉంటుంది. అది దుప్పటి కప్పితే సర్దుకునే చలి. పళ్లు టకటకలాడేలా, మంచం కదిలేలా వణుకు పుట్టి వెనకాలే జ్వరం వస్తే అది వేరే సంగతి. డయాలసిస్ వార్డులో నర్సుగా ఉన్నాను కాబట్టి చెప్తున్నాను, పైపు ఉన్న మనిషికి అలా వణుకు పుట్టిందంటే మేము వెంటనే డాక్టరుకి కబురు పెడతాం. మీ మావయ్యగారు అక్కడ చలి అని మాత్రమే చెప్పి, ఇంటికొచ్చాక జ్వరం వచ్చిన సంగతి వాళ్లకి చెప్పకుండా ఉండి ఉంటారు. చాలామంది పెద్దవాళ్లు అంతే, ఎందుకు ఇంకో గొడవ అని ఊరుకుంటారు. ఈసారి మీరే దగ్గరుండి చెప్పండి. ఏ రోజు వచ్చింది, మిషన్ పెట్టిన ఎంతసేపటికి వచ్చింది, థర్మామీటర్‌లో ఎంత చూపించింది, ఏ మాత్ర వేశారు, అన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. పసుపు రాసిన సంగతి కూడా దాచొద్దు.

గంట తర్వాతే వణుకు ఎందుకు వస్తోందో తెలిస్తే మీకు తొందర అర్థమవుతుంది. ఆ పైపు చర్మం కింద కొంత దూరం నడిచి, మెడలోని పెద్ద సిరలోకి వెళ్లి, గుండె కుడివైపు పై గది దగ్గర ఆగుతుంది. బయట కనిపించేది జానెడు ముక్కే. ఎర్ర కొస, నీలం కొస అని రెండు దారులు. ఒకదాంట్లోంచి రక్తం మిషన్‌కి వెళ్తుంది, రెండోదాంట్లోంచి శుభ్రపడి తిరిగొస్తుంది. నిమిషానికి సుమారు 300 మిల్లీలీటర్ల రక్తం అలా నడుస్తుంది. పైపులోకి సూక్ష్మక్రిములు ఒక్కసారి చేరాయంటే, నీళ్ల తొట్టి గోడకి పాచి పట్టినట్టు లోపలి గోడకి పట్టుకుని పెరుగుతాయి. మిషన్ ఆన్ చేసి రక్తం జోరుగా పారగానే అవి ఊడి నేరుగా గుండెలోకి, అక్కడి నుంచి ఒళ్లంతా వెళ్తాయి. వణుకు అప్పుడే వస్తుంది. పారాసెటమాల్‌తో తెల్లారేసరికి జ్వరం దిగుతుంది గానీ పైపులో ఉన్నవి అక్కడే ఉంటాయి. తర్వాతి డయాలసిస్‌లో మళ్లీ అదే జరుగుతుంది. ఆలస్యమైతే అవి గుండె కవాటాలకో వెన్నెముకకో పట్టుకోవచ్చు. అప్పుడు వైద్యం వారాలు, నెలలు సాగుతుంది, ప్రాణానికే ముప్పు రావచ్చు.

సెంటర్‌కి వెళ్లాక ముందు బ్లడ్ కల్చర్‌కి రక్తం తీస్తారు. ఏ క్రిమి ఉంది, దానికి ఏ మందు పనిచేస్తుంది అన్నది దాంట్లో తెలుస్తుంది. ఆ రక్తం తీశాకే యాంటీబయాటిక్ ఇవ్వడం పద్ధతి. అందుకే దారిలో మెడికల్ షాపులో యాంటీబయాటిక్ మాత్రలు కొని వెయ్యొద్దు. వేస్తే జ్వరం కాస్త తగ్గినట్టుంటుంది, కల్చర్‌లో మాత్రం క్రిమి దొరక్కపోవచ్చు. మందు సాధారణంగా రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు ఇవ్వాల్సి వస్తుంది. చాలా వరకు డయాలసిస్ రోజుల్లోనే ఇంజెక్షన్‌గా ఇస్తారు. మధ్యలో జ్వరం పోయిందని మానేయకూడదు. పైపు తీసేసి కొత్తది పెట్టాలని కూడా అనవచ్చు. పాచి పట్టిన పైపు లోపలుండగా మందు ఒక్కటే అన్నిసార్లూ సరిపోదు. అలా అంటే డబ్బు కోసం అంటున్నారని అనుకోకండి.

మీ సెంటర్‌లో కిడ్నీ డాక్టర్ లేకపోతే పలాస వెళ్లండి. 2023 డిసెంబరులో అక్కడ 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. లేదంటే శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రికి గానీ విశాఖ కేజీహెచ్‌కి గానీ పంపమని సెంటర్ వాళ్లనే రాసివ్వమనండి. రాత్రిపూట వణుకుతో పాటు ఆయాసం వచ్చినా, మనిషి తికమకగా మాట్లాడినా, కళ్లు తేలేసినా తెల్లారే దాకా చూడకుండా 108కి ఫోన్ చెయ్యండి.

ఇప్పుడు సెలైన్ సంగతి. మీరు వద్దని చాలా మంచి పని చేశారు. ఆర్‌ఎంపీ డాక్టరుగారి మీద కోపం పెట్టుకోనక్కర్లేదు. మన పల్లెల్లో అర్ధరాత్రి తలుపు తడితే వచ్చేది ఆయనే. కానీ ఆ పైపు డయాలసిస్‌కి తప్ప దేనికీ కాదు. సెలైన్, ఇంజెక్షన్, పరీక్షకి రక్తం తియ్యడం, ఏదీ ఇంటి దగ్గర దాంట్లోంచి జరగకూడదు.

వార్డులో మేము ఆ పైపు తెరిచేటప్పుడు మీరు పక్కనుంటే తేడా మీకే కనిపిస్తుంది. పేషెంట్‌కి మాస్క్ పెడతాం, మేమూ పెట్టుకుంటాం, ఫ్యాన్ ఆపుతాం. చేతులు కడుక్కుని గ్లవ్స్ వేసుకుంటాం. పైపు కింద శుభ్రమైన గుడ్డ పరుస్తాం. పైపుని నొక్కి మూసే క్లిప్పులు, అంటే క్లాంపులు, రెండూ మూసి ఉన్నాయో లేదో చూశాక మూత తీస్తాం. మూత తీసిన కొసని మందు గుడ్డతో చుట్టూ గట్టిగా రుద్ది, అది ఆరేదాకా ఆగుతాం. ఆ తర్వాత సిరంజితో లోపలున్న మందుని బయటికి లాగి పారేస్తాం. ఆ మందు హెపారిన్. డయాలసిస్ లేని రోజుల్లో పైపులో రక్తం గడ్డకట్టకుండా దాన్ని నింపి ఉంచుతాం. చాలామందికి తెలియంది ఇక్కడే ఉంది. దాన్ని తియ్యకుండా పైనుంచి సెలైన్ వదిలితే ఆ హెపారిన్ అంతా ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది, రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. క్లాంపు తెరిచి ఉండగా మూత తీస్తే ఊపిరి పీల్చినప్పుడు గాలి లోపలికి లాగేసుకోవచ్చు. ఆ గాలి వెళ్లేది గుండెలోకే.

పైపు సంగతి అలా ఉంచితే, అసలు సెలైనే మీ మావయ్యగారికి మంచిది కాదు. మూత్రం సరిగా రాని మనిషికి సెలైన్ ఎక్కిస్తే ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం రావచ్చు. డయాలసిస్ వాళ్ల నీరసానికి ఎక్కువగా కారణం రక్తం తక్కువగా ఉండటం, డయాలసిస్ సరిపోకపోవడం, తిండి తగ్గిపోవడం, లేదా ఇప్పుడు ఆయనకి అనుమానిస్తున్న ఇన్‌ఫెక్షన్. హిమోగ్లోబిన్ చూడమని సెంటర్‌లో అడగండి. తక్కువుంటే దానికి వేరే ఇంజెక్షన్లు, ఐరన్ ఉన్నాయి. ఒళ్లు నొప్పులకి సూది వేసే అలవాటు మన దగ్గర ఉంది, అదీ వద్దని ఆర్‌ఎంపీ గారికి చెప్పండి. ఈ పేషెంట్‌కి ఏం ఇవ్వాలన్నా ముందు సెంటర్‌కి ఫోన్ చేసి అడగమని సెంటర్ నంబరు ఆయన చేతిలో పెట్టండి. చాలామంది వింటారు.

పసుపు గురించి అత్తయ్యగారిని నొప్పించకుండా చెప్పండి. ప్రేమతోనే రాశారు. వంటింటి పసుపు శుభ్రం చేసిన పొడి కాదు, అందులోనూ క్రిములుంటాయి. పైపు చర్మంలోంచి బయటికొచ్చే చోటు అంటే లోపలికి తెరిచి ఉన్న దారి. పసుపు, విభూతి, కొబ్బరి నూనె, పౌడర్ ఏదీ అక్కడ పడకూడదు. పైగా పసుపు రంగు కింద ఎరుపు పెరుగుతోందా, చీము వస్తోందా అన్నది మాకు కనిపించదు. నర్సు రాసిన మందు తప్ప ఇంకేమీ వద్దు.

స్నానం మానక్కర్లేదు, పద్ధతి మార్చుకుంటే చాలు. స్టూలు మీద కూర్చోబెట్టి నడుము నుంచి కిందికి చెంబుతో పోసుకోనివ్వండి. పైన తడి గుడ్డతో తుడవండి, డ్రెస్సింగ్ దగ్గరికి రావొద్దు. తల రుద్దుకోవాలంటే వెనక్కి వాలి కూర్చుంటే మీరో అత్తయ్యో నీళ్లు వెనక్కి పడేలా పోయండి. బావి దగ్గర బకెట్లు గుమ్మరించుకోవడం, చెరువు, బారువ సముద్రంలో మునక, ఇవి మాత్రం పైపు ఉన్నన్నాళ్లూ లేవు. ప్లాస్టిక్ కవరు చుట్టుకుని మునుగుతామంటారు కొందరు, లోపలికి నీరు చేరడానికి చిన్న సందు చాలు.

మన ఉద్దానం ఉక్కలో నీళ్లకంటే చెమటతోనే ఎక్కువ డ్రెస్సింగులు ఊడతాయి. రోజూ పొద్దున్నే వెలుతురులో ఒకసారి చూడండి, చేత్తో తాకకుండా. అంచు లేచిందా, తడిసిందా, మరక కనిపిస్తోందా, చుట్టూ వాపుందా, నొప్పంటున్నారా, పైపు నిన్నటికంటే బయటికి జరిగినట్టుందా. పైపుకి చర్మం కింద చిన్న గుడ్డ పట్టీ లాంటిది ఉంటుంది, కండ దాన్ని పట్టుకుని పెరగడం వల్లే పైపు నిలుస్తుంది. ఆ పట్టీ బయటికి కనిపించిందంటే వెంటనే సెంటర్‌కి వెళ్లాలి. డ్రెస్సింగ్ తడిసినా ఊడినా సెంటర్‌కి ఫోన్ చేసి అదే రోజు మార్పించండి. వెళ్లేలోపు సబ్బుతో చేతులు కడుక్కుని, మెడికల్ షాపులో దొరికే స్టెరైల్ గాజ్ (క్రిములు లేకుండా ప్యాక్ చేసిన పల్చటి గుడ్డ) పైన పెట్టి టేపు వెయ్యండి. పాతది పీకొద్దు. మెడ, ముఖం, చెయ్యి ఒక వైపు వాస్తే అదీ వెంటనే చెప్పాల్సిన విషయమే, లోపలి సిర మూసుకుపోతోందని అర్థం కావచ్చు.

ముందు గుండీలున్న చొక్కా వెయ్యండి, తల మీంచి లాగే బనియన్లు పక్కన పెట్టండి. భుజం మీద తువ్వాలు వేసుకునే అలవాటుంటే పైపు లేని వైపుకి మార్చమనండి. ఆడవాళ్లయితే పుస్తెలతాడు డ్రెస్సింగ్ మీద రాసుకోకుండా చూసుకోవాలి. గడ్డం గీసేటప్పుడు బ్లేడు, టేపు కత్తిరించేటప్పుడు కత్తెర పైపు దగ్గరికి రాకూడదు. చంటిపిల్లలు ఎత్తుకోమని వస్తే పైపు లేని వైపే, ఎందుకంటే వాళ్ల చేతికి అది అందితే లాగుతారు.

ఒకవేళ పైపు ఊడి బయటికొచ్చేసిందే అనుకోండి. మళ్లీ లోపలికి తొయ్యాలని చూడొద్దు. పడుకోబెట్టి, శుభ్రమైన గుడ్డతో అది వచ్చిన రంధ్రం మీద, దాంతో పాటు అదే వైపు మెడ కింద ఎముక పైన పైపు సిరలోకి వెళ్లిన చోట, రెండు చోట్లా అరచేత్తో గట్టిగా నొక్కండి. కనీసం పది నిమిషాలు ఎత్తి చూడకుండా నొక్కాలి. ఎవరైనా 108కి ఫోన్ చెయ్యాలి, మీరు నొక్కుతూనే ఉండాలి. పైపు లోపలే ఉండి మూత ఊడితే, తెగితే, చిల్లు పడితే, చిల్లుకీ ఒంటికీ మధ్యలో పైపుని క్లాంపుతో మూసెయ్యండి. క్లాంపు అందకపోతే మడిచి వేళ్లతో బిగించి పట్టుకోండి. ఎడమ వైపుకి తిప్పి, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి ఆసుపత్రికి తరలించండి. అలా పడుకుంటే లోపలికి వెళ్లిన గాలి గుండెలో అడ్డం పడే అవకాశం తగ్గుతుంది. ఒక చిన్న సంచిలో స్టెరైల్ గాజ్ ప్యాకెట్లు, టేపు, సెంటర్ నంబరు పెట్టి ఆయన బస్సెక్కినా ఆటో ఎక్కినా చేతికివ్వండి.

చివరిగా చేతి ఆపరేషన్. మావయ్యగారితో మీరు అసలు మాట్లాడాల్సింది దీని గురించే. ఉద్దానంలో ఈ కిడ్నీ జబ్బు చాలామందిలో బీపీ, వాపు లాంటివి పెద్దగా కనిపించకుండానే లోపల ముదిరిపోతుంది. తెలిసేసరికి అత్యవసరంగా డయాలసిస్ మొదలుపెట్టాలి, దానికి దొరికే దారి పైపే. ఆ రోజు అది ప్రాణం నిలిపింది. కానీ ఎప్పటికీ దాంతోనే గడిపేద్దామనుకోవడం మంచిది కాదు. పైపుతో డయాలసిస్ చేయించుకునే వాళ్లకి రక్తంలో ఇన్‌ఫెక్షన్ రావడం, చేతి ఆపరేషన్‌తో ఫిస్టులా పెట్టించుకున్నవాళ్ల కంటే చాలా ఎక్కువ. పైపు ఎక్కువ కాలం ఉంటే అది ఆనుకుని ఉన్న పెద్ద సిరలు ఇరుకైపోతాయి. రేపు చేతికి ఫిస్టులా పెట్టాలన్నా ఆ వైపు పనికిరాకుండా పోవచ్చు.

ఫిస్టులా అంటే చేతిలో ఉన్న ధమనిని పక్కనే ఉన్న సిరతో కలిపి కుట్టడం. సాధారణంగా ఎక్కువ పని చెయ్యని చేతికే, మణికట్టు దగ్గరో మోచేతి దగ్గరో చేస్తారు. మామూలుగా చేతి వరకే మత్తు ఇస్తారు. రెండు మూడు నెలల్లో ఆ సిర లావెక్కి గట్టిపడుతుంది. అప్పుడు దాంట్లో రెండు సూదులు గుచ్చి డయాలసిస్ చేస్తారు, అది బాగా నడుస్తోందని చూసుకుని పైపు తీసేస్తారు. చెయ్యి పడిపోదు. కొందరికి ఫిస్టులా మొదటిసారి నిలవదు, మళ్లీ చెయ్యాల్సి వస్తుంది. కొద్దిమందికి వేళ్లు చల్లబడటం, తిమ్మిరి ఉంటాయి, అలా ఉంటే డాక్టరుకి చూపిస్తే సరిచేస్తారు. ఇవి దాచి ఒప్పించకండి, ముందే చెప్పండి. ఆ చేత్తో బరువులు మొయ్యకూడదు, దాని మీద తల పెట్టి పడుకోకూడదు. అంతకుమించి అన్నం తినడం, తోటలో తిరగడం, అన్నీ చేసుకోవచ్చు. పైపు తీసి ఆ గాయం మానాక బావి స్నానం కూడా ఆయనదే. నాకు తెలిసి చాలామంది పెద్దవాళ్లు డాక్టరు చెప్తే వినలేదు గానీ ఈ ఒక్క మాటకి ఒప్పుకున్నారు.

అదే షిఫ్టులో ఫిస్టులాతో డయాలసిస్ చేయించుకుంటున్న వాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్ల పక్కన కూర్చోబెట్టి మాట్లాడించండి. ఫిస్టులా మీద వేలు పెడితే లోపల జుమ్మని కదలడం తెలుస్తుంది, వాళ్లే చూపిస్తారు. ఖర్చు గురించి టెన్షన్ ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవలో ఏం వస్తుందో ఆసుపత్రిలో ఆ పథకం పని చూసేవాళ్లని అడగండి.

ఇప్పుడున్న ఇన్‌ఫెక్షన్ పూర్తిగా తగ్గాకే ఆపరేషన్ చేస్తారు. ఈలోగా ఏ చేతికి చేస్తారో డాక్టరుని అడిగి తెలుసుకోండి. కుడిచేతి వాటం మనిషైతే చాలావరకు ఎడమ చెయ్యే. ఇవాళ్టి నుంచే ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వొద్దు, సూది గుచ్చనివ్వొద్దు, రక్తం తీయనివ్వొద్దు. ఎవరైనా పరీక్షకి రక్తం తియ్యాలంటే రెండో చేతి మణికట్టు కింద, అరచేతి వెనక ఉన్న నరాలు చూపించండి.